నాకా లేని చోట

హైదరాబాదు నగరములో గోల్నాక, తార్నాక అను రెండు పేటలున్నవి. గోల్నాక అంబరుపేట ప్రక్కను, మూసీనదికి సమీపముగా నున్నది. తార్నాక ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము నానుకొని యున్నది. ఈ రెండు పేర్లలోను నాకా అను మాట కలదు. నాకా యనగా వచ్చిపోవు మనుష్యులను, బండ్లను నిలిపి చూచు కావలి చోటు. తార్ అనగా తీగ. నిజాము కాలములో తీగకంచెతో కూడిన కావలి చోటు అక్కడ నుండుటచేత తార్నాక యను పేరు వచ్చినదని చెప్పుదురు.

ఆ కంచె ఇప్పుడు లేదు. గోల్నాక నుండి అంబరుపేట మీదుగా కట్టిన పైవంతెన 2025లో రాకపోకలకు తెరువబడినది. కూడళ్లలో కావలివానితో పాటు ఎఱ్ఱదీపము, పచ్చదీపము, స్తంభముమీద కెమెరా నిలిచియున్నవి. అయినను మనుష్యుని స్వభావము మారలేదు. చేతికి తగిలించుకొన్న హెల్మెటు పోలీసువాడు కనబడగానే తలకెక్కును. అతనిని దాటగానే మరల చేతికి దిగును. కెమెరా ఉన్న కూడలిలో ఆగిన బండి, కెమెరా లేని కూడలిలో ఆగదు. ఇది చదువులేనివారి తప్పిదము మాత్రమే కాదు. తార్నాక చుట్టుపట్ల విశ్వవిద్యాలయమున్నది, జాతీయ పోషకాహార సంస్థ యున్నది, గొప్ప గొప్ప పరిశోధనాలయములున్నవి. అంత విద్య గల బాటమీదను ఎదురు దిశలో బండి నడుపుకొని వచ్చువారు కనబడుచునేయున్నారు. తెలియుట ఒకటి, చేయుట మరియొకటి గదా!

పట్టణపు సంగతి మన కెందుకని గ్రామ సంఘములలోని మన సహోదరులు అడుగవచ్చును. మన యూళ్ల బాటలమీద నాకా లేదు, కెమెరా లేదు, ఎఱ్ఱదీపము లేదు. రాత్రి పది గంటలకు మన వీధి మలుపులో మనలను చూచువాడు ఎవడును లేడు. కనుకనే ఈ ప్రశ్న పట్టణమువారికంటె మనకే మిక్కిలి చెందినది. నియమమును మనము ఎవరి నిమిత్తము గైకొనుచున్నాము? కావలివాని నిమిత్తమా, లేక పొరుగువాని నిమిత్తమా? ఈ మాసము దీనిని లేఖనముల వెలుగులో ఆలోచింతము.

లెక్కలు చెప్పుచున్న సాక్ష్యము

మన దేశపు రవాణా మంత్రిత్వ శాఖ ప్రకటించిన లెక్క ప్రకారము 2022వ సంవత్సరములో 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగినవి. వాటిలో 1,68,491 మంది చనిపోయిరి. 4,43,366 మంది గాయపడిరి. అనగా దినమునకు 460 మందికి పైగా, గంటకు 19 మంది. ఆదివారమున మనము ఆరాధనలో కూర్చుండి లేచు రెండు గంటలలో 38 మంది ఇంటికి తిరిగి రాక పోవుచున్నారన్నమాట.

ఈ మరణములు పట్టణములలోనే జరుగుచున్నవని తలంచుట పొరపాటు. ఆ సంవత్సరము చనిపోయిన ప్రతి పదిమందిలో దాదాపు ఏడుగురు గ్రామ ప్రాంతముల బాటలమీదనే చనిపోయిరి. మితిమీరిన వేగమువలన పోయినవారు పదింట ఏడుగురు. హెల్మెటు లేక ద్విచక్ర వాహనములమీద చనిపోయినవారు 50,029 మంది. వీరిలో వెనుక కూర్చున్నవారును అనేకులు. సీటు బెల్టు పెట్టుకొనక చనిపోయినవారు 16,715 మంది.

ఈ సంఖ్యలలో ప్రతి ఒక్కటియు ఒక పేరు. ఒకడు కూతురి పెండ్లికి బట్టలు తెచ్చుటకు పోయినవాడు. ఒకతె కూలికి పోయిన తల్లి. ఒకడు పదవ తరగతి పరీక్ష వ్రాసి వచ్చుచున్న బిడ్డ. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినదాని ప్రకారము, 5 మొదలు 29 ఏండ్ల ప్రాయములోనివారిని ఏ రోగమునకంటెను ఎక్కువగా బలిగొనుచున్నది రోడ్డు ప్రమాదమే. వృద్ధుడు యువకుని మోయుట, తండ్రి కుమారుని పాతిపెట్టుట మన సమాధుల తోటలలో అలవాటైపోవుచున్నది.

ఇది దేవుని చిత్తమా?

గోల్నాక ప్రక్కను పారు మూసీనది నగరమును దాటి దిగువకు పోయి పొలములను తడుపుచున్నది. 2018 జూన్ 24వ తేది ఆదివారమున, యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలములోని వేములకొండ యొద్ద, కూలిపనికి పోవుచున్నవారి నెక్కించుకొన్న ట్రాక్టరు మూసీ కాలువలో పడిపోయెను. 15 మంది చనిపోయిరి. దాదాపు అందరును స్త్రీలే. అంతకు రెండు నెలల ముందు, ఏప్రిల్ 6వ తేదిన, నల్లగొండ జిల్లాలో మరియొక ట్రాక్టరు కాలువలో పడి 9 మంది కూలి స్త్రీలు మరణించిరి. అదే సంవత్సరము సెప్టెంబరు 11వ తేదిన జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాటు రోడ్డున, ఉండవలసినవారికంటె అనేకులతో క్రిక్కిరిసిన బస్సు లోయలో పడి 60 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి.

ఇట్టి వార్త విన్నప్పుడు మన నోటినుండి వెడలు మొదటి మాట యేది? కొందరు "తలవ్రాత" అందురు. మనము దానిని కొంచెము మార్చి "దేవుని చిత్తము" అందుము. దుఃఖములో నున్నవారికి ఆదరణగా పలికినయెడల ఆ మాటను మేము తప్పుపట్టము. దేవుని చేతిలో నుండి ఏ ప్రాణమును జారిపోదని నమ్ముట మన విశ్వాసము. అయితే ఆ మాటతో విచారణ ముగించినయెడల అది విశ్వాసము కాదు, సోమరితనము. మన నిర్లక్ష్యమునకు దేవుని సంతకము పెట్టించుటయే యగును.

లూకా సువార్త 13వ అధ్యాయములో, సిలోయములోని గోపురము కూలి 18 మంది చనిపోయిన సంగతిని మన ప్రభువే ఎత్తి చెప్పెను. చచ్చినవారు తక్కినవారికంటె ఎక్కువ పాపులని తలంచవద్దని ఆయన ఖండితముగా చెప్పెను. చచ్చినవారిమీద నేరము మోపుటకు ఆయన ఎవరికిని అవకాశ మియ్యలేదు. అయితే అక్కడ ఆగక, వినుచున్నవారి తట్టు తిరిగి, మీరు మారుమనస్సు పొందుడని హెచ్చరించెను. ప్రమాదమును గూర్చి క్రైస్తవుడు అడుగవలసిన ప్రశ్న "వారికి ఏల జరిగెను?" అనునది కాదు; "మేము ఏమి మార్చుకొనవలెను?" అనునదే.

మోషే ధర్మశాస్త్రము ఈ విషయములో ఎంత తేటగా నున్నదో గమనించుడి. ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయములో, చెట్టు నరుకుచుండగా గొడ్డలి ఊడి తగిలి పొరుగువాడు చచ్చిన సంగతి కలదు. పగ లేక అట్లు చంపినవానికి పారిపోయి బ్రదుకుటకు ఆశ్రయపురము లేర్పరచబడినవి. దేవుడు ఆకస్మికమైన దానిని హత్యగా ఎంచలేదు. అయితే నిర్గమకాండము 21వ అధ్యాయములో వేరొక సంగతి యున్నది. పొడుచు అలవాటు గల ఎద్దును గూర్చి యజమానునికి ముందే తెలిసి, అతడు దానిని కట్టివేయక విడిచినందున మనుష్యుడు చచ్చినయెడల, నేరము ఎద్దుతో ముగియదు. యజమానుని మీదికి వచ్చును. తెలియక జరిగినది వేరు, తెలిసియు విడిచిపెట్టినది వేరు.

ఇప్పుడు మనలను మనము పరీక్షించుకొందము. బ్రేకు సరిగా పడదని తెలిసియు బయలుదేరిన బండి, పొడుచునని తెలిసియు విప్పిన ఎద్దు కాదా? సారా త్రాగి పగ్గము పట్టినవాడు "అనుకోకుండ జరిగినది" అని చెప్పవచ్చునా? ఆరుగురు పట్టు ఆటోలో పదునైదుగురిని ఎక్కించినవాని గొడ్డలి తనంతట తానే ఊడినదా?

నియమములో దాగిన ప్రేమ

రోడ్డు నియమములు ప్రభుత్వపు చాదస్తములని కొందరు తలంతురు. వాటి వెనుకనున్న కారణములను పిల్లలకు సైతము చెప్పవచ్చును. గంటకు 36 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక్క సెకనులో 10 మీటర్లు పోవును. 72 కిలోమీటర్ల వేగముతో పోవునది 20 మీటర్లు పోవును. మేకపిల్ల వెంట పరుగెత్తి పసివాడు రోడ్డుమీదికి వచ్చెననుకొనుడి. కన్ను చూచి కాలు బ్రేకును త్రొక్కుటకు ఒక్క సెకను పట్టినను, ఆ లోగా బండి 20 మీటర్లు వచ్చేసినది. బ్రేకు పడిన పిమ్మటనైనను వెంటనే ఆగదు. వేగము రెండింతలైనయెడల ఆగుటకు కావలసిన దూరము నాలుగింతలగును. ఈ లెక్క ప్రార్థన చేసి బయలుదేరినవానికిని, చేయక బయలుదేరినవానికిని ఒక్కటియే.

త్రాగినవాని సంగతియు అట్టిదే. 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకంటె ఎక్కువ మద్యము కనబడినయెడల బండి నడుపుట మన దేశములో నేరము. త్రాగినవాడు తనకు మత్తెక్కలేదని ప్రమాణము చేయును. ఆ మాట చెప్పునది అతడు కాదు, మద్యమే.

ఇంటి మిద్దె చుట్టును పిట్టగోడ కట్టించవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో ఆజ్ఞ కలదు. ఎవడైనను పడి చచ్చినయెడల ఆ యింటిమీద రక్తాపరాధము నిలుచునని దాని తాత్పర్యము. పడువాడు జాగ్రత్తగా నుండవలసినది గదా యని దేవుడు యజమానుని విడిచిపెట్టలేదు. ఎవరు పడుదురో తెలియకమునుపే, ఎవరును పడకుండునట్లు కట్టుమనెను. ముఖమెరుగని పొరుగువానిని ప్రేమించుట యనగా ఇదియే. హెల్మెటు, సీటు బెల్టు, వేగపు హద్దు, ట్రాక్టరు వెనుక ఎఱ్ఱని మెరుపుబిళ్ల, ఇవి మన కాలపు పిట్టగోడలు. 1959లో స్వీడను దేశస్థుడైన నిల్స్ బోలిన్ వోల్వో కార్ల సంస్థలో పనిచేయుచు, భుజముమీదుగాను నడుముమీదుగాను పోవు సీటు బెల్టును తయారుచేసెను. ఆ సంస్థ దానిని తన సొత్తుగా దాచుకొనక, ఇతర సంస్థలును వాడుకొనుటకు విడిచిపెట్టెను. ఒక పిట్టగోడ లోకమంతటికిని కట్టబడినది.

దండన భయమును, మనస్సాక్షియు

అట్లయిన దండన యెందుకు? మంచి మాట చెప్పి విడువరాదా? లేఖనము మనుష్యుని బలహీనతను ఎరిగినది. రోమా పత్రిక 13వ అధ్యాయములో అపొస్తలుడు అధికారులకు లోబడుటను గూర్చి వ్రాయుచు, ఆగ్రహమునకు భయపడి మాత్రమే గాక మనస్సాక్షిని బట్టియు లోబడవలెనని బోధించెను. ఆయన భయమును కొట్టివేయలేదు, దానితో ఆగిపోవద్దనెను.

భయమువలన మేలు కలుగుట కద్దు. 2011 నవంబరు నుండి హైదరాబాదు ట్రాఫిక్ పోలీసులు త్రాగి నడుపువారిని రాత్రులయందు నిలిపి పరీక్షించుట ప్రత్యేకమైన పనిగా చేపట్టిరి. పట్టుబడినవారిని గోషామహలు, బేగంపేటలలోని ట్రాఫిక్ శిక్షణాలయములకు కుటుంబపువారితో కూడ పిలిపించి బుద్ధి చెప్పుట వాడుకలోనికి వచ్చినది. భార్య యెదుటను తండ్రి యెదుటను కూర్చుండి తన తప్పిదమును వినుట జరిమానాకంటె కఠినము. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము, మొదటిసారి త్రాగి నడిపి పట్టుబడినవానికి 10,000 రూపాయల జరిమానాను గాని 6 నెలల వరకు ఖైదును గాని రెండింటిని గాని నిర్ణయించినది. ఈడు రాని పిల్లవానికి బండి అప్పగించి నేరము జరిగినయెడల, తండ్రికి గాని బండి యజమానునికి గాని 3 సంవత్సరముల వరకు ఖైదును, 25,000 రూపాయల జరిమానాయు ఉన్నవి. కుమారుని దిద్దని ఏలీ యాజకుని కథ చదివిన మనకు ఈ చట్టము క్రొత్తగా తోచకూడదు.

అయితే భయమునకు హద్దున్నది. ప్రతి మలుపునను పోలీసువానిని నిలుపుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము కాదు. నిలిపినను, అతని చేతిలో నోటు పెట్టి తప్పించుకొనుట కొందరికి తెలిసిన విద్యయే. నిలిచియున్నవాడు లంచము పుచ్చుకొన్నను, నడపువాడు లంచమిచ్చినను, నాకా అక్కడ నుండియు లేనట్లే. బండి నడుపనేరక దళారి ద్వారా లైసెన్సు కొనుక్కొన్నవాడు, తనకు అనుమతి పత్రము దొరికినదని సంతోషించును గాని, బాటమీద అతని యెదుట వచ్చు పసివానికి ఆ పత్రమువలన ప్రయోజనమేమి? చట్టము కన్నువేయజాలని చోట మనస్సాక్షి కన్ను తెరువవలెను. దేవుని సన్నిధిలో నాకా లేని చోటు లేదు.

బీదవాని మొర

ఇక్కడ న్యాయమైన ఒక ఆక్షేపణ యున్నది. దానిని తప్పించుకొని పోవుట సత్యము కాదు. "అయ్యగారూ, ట్రాక్టరు ట్రాలీలో ఎక్కవద్దందురు. పొలము దూరము. బస్సు లేదు. మేస్త్రీ పంపినది అదే బండి. ఎక్కకపోతే ఆనాటి కూలి పోవును. మేమేమి చేయుదుము?" అని కూలి తల్లి అడిగినయెడల మనము ఏ వాక్యము చూపుదుము?

ఆమెను దూషించుట పరిసయ్యుల పని. మోయలేని బరువును మనుష్యుల భుజములమీద పెట్టి, తమ వ్రేలితోనైనను తాకని బోధకులను ప్రభువు గద్దించెను. వేములకొండయొద్ద మరణించిన స్త్రీలు వినోదమునకు ట్రాలీ ఎక్కలేదు. కొండగట్టు బస్సులో నిలువబడి ప్రయాణము చేసినవారు వేరొక బస్సు ఖాళీగా రాగా దానిని విడిచిపెట్టినవారు కారు. ఇట్టి చోట్ల పిట్టగోడ కట్టవలసినవాడు పడినవాడు కాదు, ఇంటి యజమానుడే. పొలము యజమానుడు, కూలీలను కుదుర్చు మేస్త్రీ, బస్సుల వేళలు నిర్ణయించు అధికారి, కాలువగట్టుమీద అడ్డుగోడ లేకుండ రోడ్డు వేసిన గుత్తేదారు, ఆ రోడ్డును చూచి సంతకము చేసిన ఇంజనీరు, వీరందరును ఆ మిద్దె యజమానులే.

స్వీడను దేశపు శాసనసభ 1997లో ఒక తీర్మానము చేసెను. మనుష్యుడు పొరపాటు చేయక మానడు. అయినను ఒక్క పొరపాటునకు ప్రాణము మూల్యముగా చెల్లింపబడకూడదు. రోడ్డు, బండి, వేగపు హద్దు అట్లు అమర్చబడవలెను, అనునది దాని సారము. క్రైస్తవులమగు మనకు ఇది వింత కాదు. మనుష్యుడు తప్పిపోవువాడని ఎరిగి, అతనికి ముందుగానే ఆశ్రయపురమును సిద్ధపరచిన దేవుడు మన దేవుడు. కనుక మన యూరి మలుపున గోడ కట్టుమని, బడి వేళకు బస్సు నడుపుమని అర్జీ వ్రాయుట రాజకీయము కాదు. పొరుగువానిని ప్రేమించుటలో నొక భాగము. సంఘపెద్దలు నలుగురు సంతకములు చేసి మండల కార్యాలయమునకు పోయినయెడల అది ప్రార్థనకు విరోధము కాదు.

మనము త్రవ్విన గొయ్యి

ఇతరుల బాధ్యతను చెప్పిన పిమ్మట మన బాధ్యతను మరువరాదు. నిర్గమకాండము 21వ అధ్యాయము చివర మరియొక కట్టడ కలదు. ఒకడు గొయ్యి త్రవ్వి దానిని కప్పక విడిచినందున ఎద్దుగాని గాడిదగాని అందులో పడినయెడల, త్రవ్వినవాడు ఆ నష్టము నిచ్చుకొనవలెను. పశువునకే ఇంత విచారణ యున్నప్పుడు మనుష్యుని సంగతి చెప్పనేల?

కోతల కాలములో మన పల్లెల తారురోడ్డు చూడుడి. సగము రోడ్డు వడ్లతో నిండియుండును. సాయంకాలము దానిని కుప్పచేసి నల్లని పట్టా కప్పి, గాలికి లేవకుండ చుట్టును రాళ్లు పెట్టుదుము. చీకటిలో నల్లని రోడ్డుమీద నల్లని పట్టా కనబడదు. మోటారు సైకిలుమీద వచ్చువాడు రాతికి తగిలి పడును. ప్రొద్దున్నే వడ్లు ఎత్తుకొని ఇంటికి పోవుదుము. అతనిని ఎత్తుకొని ఆసుపత్రికి పోవుదురు. రైతు దుర్మార్గుడు కాడు. కల్లము లేదు, వాన భయమున్నది, తేమ ఎక్కువైనయెడల కొనుగోలు కేంద్రములో వడ్లు తీసికొనరు. ఇదంతయు నిజమే. అయినను పొరుగువాని రక్తముతో తడిసిన ధాన్యము ఎంత ఎండినను ఎండినట్టు కాదు.

దీనికి సంఘము ఒక ఉపాయము చేయగలదు. అనేక గ్రామములలో దేవాలయపు ఆవరణము వారమునకు ఆరు దినములు ఖాళీగా నుండును. కోతల కాలములో కులమత భేదము లేక ఆ యావరణమును వడ్లు ఆరబోసికొనుటకు ఇచ్చినయెడల, అది నోటితో చేయు ప్రసంగముకంటె బలమైన ప్రసంగము కాగలదు. రూతు పరిగె యేరుకొన్న పొలము దేవునికి ప్రీతికరమైనట్లు, రోడ్డుమీదినుండి వచ్చిన వడ్లు ఆరు ఆవరణమును ఆయనకు ప్రీతికరమే.

మన పండుగ ప్రయాణములను గూర్చియు ఒక మాట. క్రిస్మసు దినములలో మెదకు మహా దేవాలయమునకును, ఉజ్జీవ కూటములకును కుటుంబములు కుటుంబములుగా పోవుదుము. ట్రాలీలో పిల్లలతో కిక్కిరిసి కీర్తనలు పాడుకొనుచు పోవుట మనకు ఆనందము. దేవాలయము శిఖరముమీదినుండి దుముకుమని శోధకుడు ప్రేరేపించినప్పుడు, దేవుని శోధింపరాదని ప్రభువు త్రోసివేసెను. ఆరాధనకు పోవుచున్నామను ధైర్యముతో బండిని మించి ఎక్కుట, ఆ శిఖరముమీద నిలువబడుటయే.

దారిలో పడియున్నవాడు

ఇంత జాగ్రత్త పడినను ప్రమాదములు జరుగును. అప్పుడు మనము యెరూషలేము నుండి యెరికోకు దిగిపోవు బాటమీద నుందుము. యాజకుడును లేవీయుడును పడియున్నవానిని చూచియు ప్రక్కగా పోయిరి. నేటి దినములలో మనము ప్రక్కగా పోవుటయే గాక, ఆగి సెల్‌ఫోనులో చిత్రము తీసికొని పోవుచున్నాము. ముట్టుకొన్నయెడల పోలీసు కేసు మెడకు చుట్టుకొనునను భయము మనవారిలో బలముగా నున్నది.

ఆ భయమునకు ఇక చోటు లేదని మన సంఘస్థులందరును తెలిసికొనవలెను. సహాయము చేసినవారిని బాధింపకూడదను మార్గదర్శక సూత్రములకు సుప్రీము కోర్టు 2016 మార్చి 30వ తేదిన చట్టబలము నిచ్చెను. 2019 చట్ట సవరణలో అది 134ఎ సెక్షనుగా చేర్చబడినది. ప్రమాదములో పడినవానిని మంచి మనస్సుతో ఆదుకొన్నవాడు ఆ పిమ్మట జరిగినదానికి బాధ్యుడు కాడు. తన పేరు చెప్పుమని అతనిని బలవంతము చేయరాదు. ఈ చట్టము అట్టివానిని ఏమని పిలుచుచున్నదో ఎరుగుదురా? మంచి సమరయుడు అని! మన దేశపు న్యాయశాస్త్రము మన ప్రభువు చెప్పిన ఉపమానమునుండి ఆ పేరు తీసికొన్నది. ఆ పేరు గల చట్టమున్న దేశములో, ఆ ఉపమానమును ఏటేట ప్రసంగించు మనము ప్రక్కగా పోవుట ఎంత సిగ్గు!

హైదరాబాదులో 2005 ఆగస్టు 15వ తేదిన ఆరంభమైన 108 అంబులెన్సు ఇప్పుడు మారుమూల పల్లెకును వచ్చుచున్నది. గాయపడిన మొదటి గంటలో వైద్యము దొరికినయెడల ప్రాణము నిలుచు ఆశ యెక్కువ. ఆ గంటలో తీవ్రముగా గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చినవారికి కేంద్ర ప్రభుత్వము బహుమానమును నిర్ణయించి, 2025లో దానిని 25,000 రూపాయలకు పెంచినది. గాయపడినవారికి 7 దినముల వరకు 1,50,000 రూపాయలకు మించకుండ రొక్కము కట్టనక్కరలేని వైద్యమును 2025 మే నెలలో అమలులోనికి తెచ్చినది. సమరయుడు పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి, ఇంకను ఖర్చైన తిరిగి వచ్చి ఇత్తుననెను. ఇప్పుడు ప్రభుత్వము ఆ దేనారము లిచ్చుచున్నది. గాయపడినవానిని ఎత్తుటకు చేతులు మాత్రము మనము ఇయ్యవలెను.

సంఘము చేయదగిన పనులు

బోధ వినిపించి ఊరకుండుట తగదు గనుక, ప్రతి సంఘమును చేయదగిన కొన్ని పనులను సూచించుచున్నాము. ఆదివారపు బడిలో పిల్లలకు రోడ్డు దాటు విధమును, ఎదురుగా వచ్చు బండిని చూచునట్లు కుడిప్రక్క నడచుటను నేర్పవలెను. యౌవనస్థుల కూటములో 108కి ఏమి చెప్పవలెనో, రక్తము కారుచుండగా శుభ్రమైన గుడ్డతో ఎట్లు ఒత్తిపట్టవలెనో ఆసుపత్రి నర్సమ్మను పిలిచి చెప్పించవలెను. స్త్రీల సమాజము, ఇంటినుండి వెళ్లు కుమారుని తలమీద ప్రార్థనాపూర్వకముగా చేయియుంచుటతో పాటు హెల్మెటు కూడ ఉంచవలెను. ట్రాక్టరు గల సంఘస్థులు ట్రాలీ వెనుక మెరుపుబిళ్లలు అంటించవలెను. వివాహము జరిపించు కాపరి, పెండ్లివారి బండి నడుపువాడు త్రాగలేదని ముందుగా విచారింపవలెను.

నవంబరు నెల మూడవ ఆదివారమును రోడ్డుమీద మరణించినవారిని జ్ఞాపకము చేసికొను దినముగా ఐక్యరాజ్యసమితి 2005లో నిర్ణయించినది. అది ఆదివారమే గదా! ఆ దినమున మన ఆరాధనలో ఆ కుటుంబములను పేరుపేరున ప్రార్థించుదము. కుమారుని పోగొట్టుకొన్న తల్లి, కాలు పోయి మంచముమీదనున్న తండ్రి మన సంఘములోనే యున్నారు. వారిని పరామర్శించుటయు ఈ బోధలో నొక భాగమే.

తన తమ్ముని గూర్చి అడుగబడినప్పుడు కయీను, తాను అతనికి కావలివాడనా యని ఎదురు ప్రశ్న వేసెను. బైబిలులో మొదటి హంతకుడు వేసిన ఆ ప్రశ్నకు మనము బాటమీద ప్రతిదినము జవాబిచ్చుచున్నాము. వేగము తగ్గించిన ప్రతిసారియు అవునని చెప్పుచున్నాము. తగ్గింపని ప్రతిసారియు కాదని చెప్పుచున్నాము. మన యూరి మలుపునకు ప్రభుత్వము కావలివానిని పంపలేదు. అక్కడికి పంపబడినవారము మనమే. ఈ రాత్రి ఆ మలుపున ఎవరును చూడకయున్నను బండి నెమ్మదిగా త్రిప్పుటకును, దీపము వెలిగించుకొని పోవుటకును, పడియున్నవానియొద్ద ఆగుటకును ప్రభువు మనలో ప్రతివానికి మనస్సు నిచ్చును గాక. ఆమేన్.